కంప్యూటర్ కేబినెట్ ముందు ప్యానెల్‌కి అల్యూమినియం రేకు: మడత దగ్గర పగులుతోంది, 140 మి.మీ. ఫ్యాన్లకి రంధ్రాలు ఎలా కొయ్యాలి?

బెజవాడ_బిల్డ్:

అందరికీ నమస్తే. నేను వాడేది పాత ఏటీఎక్స్ (మామూలు డెస్క్‌టాప్ సైజు) స్టీల్ కంప్యూటర్ కేబినెట్. బాడీ గట్టిది, లోపల కావలసినంత చోటుంది, పారేయడానికి మనసొప్పడం లేదు. ఇబ్బందల్లా ముందు భాగంతోనే. అది పూర్తిగా మూసేసిన ప్లాస్టిక్, పక్కనున్న సన్నటి సందుల్లోంచే ఫ్యాన్లు గాలి పీల్చుకోవాలి. విజయవాడలో మే నెల ఎండలంటే మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో గేమ్ పెడితే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు హోరుమని తిరుగుతాయి, ముందున్న ప్లాస్టిక్ ఊడదీసి పక్కన పెడితే కాసేపటికే ఆ హోరు తగ్గిపోతుంది. అందుకే దాని స్థానంలో అల్యూమినియం రేకుతో ప్యానెల్ నేనే చేసుకుందామని మొదలుపెట్టాను.

అనుకున్నది ఇదీ: 450 మి.మీ. ఎత్తు, 220 మి.మీ. వెడల్పు, రెండు నిలువు అంచులూ వెనక్కి 25 మి.మీ. చొప్పున మడత, ముందు రెండు 140 మి.మీ. ఫ్యాన్లు. నా దగ్గర హ్యాండ్ డ్రిల్, జిగ్‌సా, హాక్సా, బెంచ్ వైస్, రెండు మూడు ఆకురాళ్లు ఉన్నాయి. ఆటోనగర్‌లో ఒక షాపులో 1.5 మి.మీ. తుక్కు ముక్క దొరికితే తెచ్చి, అందులోంచి సన్నటి పట్టీ కోసి వైస్‌లో బిగించి సుత్తితో మడిచి చూశాను. మడత బయటివైపు సన్నటి గీతలా పగులు వచ్చింది, కాస్త వెనక్కి వంచగానే రెండు ముక్కలైంది. ఇంకో షాపాయన 20 గేజ్ చాలు బాబూ అని ఒక ముక్క ఇచ్చాడు. అది చేత్తోనే వంగుతోంది, పగలడం లేదు, కానీ అంత పలచటి రేకుకి రెండు ఫ్యాన్లు బిగిస్తే నిలుస్తుందా అని అనుమానం.

అసలు ఎంత మందం తీసుకోవాలి, ఏ రకం అడగాలి, పగలకుండా ఎలా మడవాలి, అంత పెద్ద గుండ్రటి రంధ్రాలు ఇంట్లో ఉన్న పనిముట్లతో శుభ్రంగా వస్తాయా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి, ఎంత పొడుగ్గా రాసినా చదువుతాను.

రేకుపని:

తమ్ముడూ, బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపులో చాలాకాలం పనిచేశాను కాబట్టి మడత సంగతి నేను చెప్తాను, జిగ్‌సా పని వేరేవాళ్లు చెప్తారు.

నీకు దొరికిన తుక్కు ముక్క బహుశా 6061-టి6 అనే అల్యూమినియం గ్రేడ్ అయ్యుంటుంది. మెషీన్ పార్టులు చేసే షాపుల తుక్కులో అది తరచూ కనిపిస్తుంది. గట్టిపరిచిన రకం, బలం ఎక్కువ, డ్రిల్లింగుకీ ట్యాపింగుకీ బంగారం లాంటిది, కానీ పదునైన మూల మీద మడిస్తే బయటివైపు సాగలేక పగులుతుంది. నీకు కావలసింది 5052-హెచ్32. అది దొరక్కపోతే 1100 గానీ 1050 గానీ అడుగు, ఇవి మెత్తటివి, మామూలు రేకుల షాపుల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. షాపులో గ్రేడ్ తెలియదంటే అంచు నుంచి వేలెడు వెడల్పు పట్టీ కోయించి చేత్తో వంచి చూడు. మెత్తటి రకం వంచినచోటే ఉండిపోతుంది, 6061 అయితే స్ప్రింగులా వెనక్కి లేస్తుంది.

మందం మాట. షాపుల్లో గేజుల్లో మాట్లాడతారు, అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. 20 గేజ్ అంటే దాదాపు 0.9 మి.మీ., 18 అంటే 1.2, 16 అంటే 1.6. గేజ్ లెక్కలు ఒకటికి రెండున్నాయి కాబట్టి నోటిమాట నమ్మకు, వెర్నియర్ (మందం కొలిచే పరికరం) జేబులో పెట్టుకుని వెళ్లి కొలుచుకో. అల్యూమినియం బిగువు స్టీల్‌లో మూడోవంతే, అయితే రేకు బిగువు మందానికి ఘనంలో పెరుగుతుంది, అందుకే 0.8 మి.మీ. స్టీల్ ఇచ్చే బిగువు కావాలంటే అల్యూమినియం 1.15 దాకా ఉంటే చాలు. అది నిండు రేకు లెక్క. నువ్వు అందులో రెండు పెద్ద రంధ్రాలు కోసేస్తున్నావు, మిగిలేది అంచుల చుట్టూ సన్నటి పట్టీలే. కాబట్టి 1.5 తీసుకో. బరువు గురించి భయం అక్కర్లేదు, రంధ్రాలు కోయకముందు కూడా నీ ప్యానెల్ అర కిలోకి అటూ ఇటూ ఉంటుంది. 20 గేజ్ ముక్కను చిన్న బ్రాకెట్లకు దాచుకో.

ఇక మడత. రేకు మీద పరిశీలనగా చూస్తే ఒకే దిక్కుకి సాగిన సన్నటి గీతలు కనిపిస్తాయి, రోలింగ్‌లో పడ్డవి. నీ మడత ఆ గీతలకు అడ్డంగా రావాలి. వాటి వెంబడి మడిస్తే మెత్తటి రకం కూడా కొన్నిసార్లు చిట్లుతుంది. నీకు రెండే మడతలు, రెండూ నిలువు అంచులే, కాబట్టి గీతలు అడ్డంగా 220 మి.మీ. వైపు వచ్చేలా రేకు కోయించుకుంటే సరిపోతుంది. తర్వాత, మడత గీతను స్క్రైబర్‌తో (లోహం మీద గీత గీకే సూది) గీకొద్దు. కోసే గీత ఎలా గీసినా పర్లేదు గానీ మడత మీద గీకిన గాటు దగ్గరే పగులు పుడుతుంది. సన్నటి మార్కర్ వాడు.

వైస్ దవడల మధ్య నేరుగా బిగించి కొట్టడం కూడా పగలడానికి ఒక కారణం. దవడ అంచు పదును, పైగా 450 మి.మీ. పొడుగు మడతకి నీ వైస్ వెడల్పు చాలదు. 40 మి.మీ. ఇనుప ఎల్ యాంగిల్ ముక్కలు రెండు, ఒక్కోటి అర మీటరు, పాత ఇనుము షాపులో దొరుకుతాయి. ఏ అంచు మీద మడుస్తావో దాన్ని ఆకురాయితో గుండ్రంగా చెయ్యి, 1.5 నుంచి 2 మి.మీ. గుండ్రం వస్తే చాలు. రేకును ఆ రెండింటి మధ్య పెట్టి రెండు చివర్లా సి క్లాంపులు, మధ్యలో వైస్. ఇనుప సుత్తితో నేరుగా కొట్టకు, దెబ్బ పడ్డ ప్రతిచోటా రేకు సాగి అంచు అలలు తేలుతుంది. మడత పొడుగంతా సరిపోయే చెక్క దిమ్మ ఒకటి రేకుకి ఆనించి, దాన్ని చేత్తో నొక్కుతూ కొంచెం కొంచెంగా వంచు, చివరి పది డిగ్రీలకి మాత్రం దిమ్మ మీద సుత్తి వెయ్యి. 90 దాటి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వంచి వదిలితే సరిగ్గా మూలమట్టానికి వచ్చి నిలుస్తుంది.

కొలతల దగ్గర చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే. 25, 220, 25 కూడితే 270 అని 270 వెడల్పు కోస్తే ప్యానెల్ పెద్దదైపోతుంది, ఎందుకంటే మడత దగ్గర రేకు సాగుతుంది. 1.5 రేకు, లోపలి గుండ్రం 1.5 అయితే ఒక్కో మడతకి సుమారు 2.7 మి.మీ. తగ్గించాలి, అంటే 264.6 కోయాలి. నా అంకె పట్టుకుని కోసెయ్యొద్దు. అదే రేకులో 100 మి.మీ. పట్టీ ఒకటి కోసి, అదే యాంగిల్ మీద మడిచి, రెండు కాళ్లూ బయటివైపు నుంచి కొలిచి కూడు. 100 కన్నా ఎంత ఎక్కువొస్తే అంత తగ్గించాలి, నీ చేతికి నీ యాంగిల్‌కి ఖచ్చితమైన లెక్క అదే.

ఆ పగిలే ముక్కనే వాడాలని పట్టుబడితే దాన్ని మెత్తబరచొచ్చు. మడత చోట బట్టల సబ్బు రుద్ది, వెనకవైపు నుంచి బ్లో టార్చ్‌ని ఒకచోట ఆపకుండా తిప్పుతూ వేడి చేస్తే సబ్బు నల్లబడుతుంది, అక్కడ ఆపెయ్యాలి. అల్యూమినియం ఇనుములాగా ఎర్రబడి హెచ్చరించదు, స్వచ్ఛమైనదైతే 660 డిగ్రీలకి, 6061 అయితే ఇంకా ముందే, 580 దాటాక, ఉన్నట్టుండి జారిపోతుంది. అయితే పలచటి పెద్ద రేకుని ఇలా వేడి చేస్తే వంకర్లు పోతుంది, అందుకే ప్యానెల్‌కి ఇది వద్దంటాను. రేకు మార్చుకోవడమే తేలిక.

కాకినాడ_కేస్‌మాడ్:

రంధ్రాల సంగతి నేను చెప్తా. ఇలాంటి ముందు ప్యానెళ్లు జిగ్‌సాతోనే చేస్తుంటాను, శుభ్రంగా వస్తాయి. ఓపిక కావాలి, అంతే.

140 ఫ్యాన్‌కి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 124.5 మి.మీ., 120 ఫ్యాన్‌కి అయితే 105. కోయాల్సిన గుండ్రం 132 నుంచి 134 పెట్టుకోండి, అంతకన్నా పెద్దది కోస్తే ఫ్యాన్ ఫ్రేమ్ పక్కలు రేకుకి ఆనడానికి ఏమీ మిగలదు. ముందు ఒకటికి ఒకటి స్కేల్‌లో కాగితం మీద ప్రింట్ తీసి, ఆ 124.5ని స్కేలు పెట్టి కొలిచి చూసుకోవాలి. ప్రింటర్లు పేజీకి సరిపోయేలా చిన్నది చేసేస్తుంటాయి. ఆ కాగితాన్ని మాస్కింగ్ టేప్ పరిచిన రేకు మీద అతికించి, సెంటర్ పంచ్‌తో స్క్రూ రంధ్రాలన్నీ గుర్తుపెట్టాలి. టేపు ఉంటే జిగ్‌సా పాదం రేకుని గీకదు కూడా.

అసలు విషయం, పలచటి రేకుని ఎప్పుడూ ఒంటరిగా కొయ్యకూడదు. అంగుళానికి 24 పళ్లున్న బ్లేడు తీసుకున్నా 1.5 మి.మీ. మందంలో ఒక పన్ను, మహా అయితే ఒకటిన్నర పన్ను పనిచేస్తుంది. మిగతా సమయమంతా ఆ పళ్లు రేకుని పట్టుకుని పైకీ కిందికీ కొడుతుంటాయి, టకటకమని శబ్దం, అంచు చిరిగినట్టు అవుతుంది, రేకు వంగిపోతుంది. కింద ఒకటి పైన ఒకటి 4 మి.మీ. ప్లైవుడ్ పెట్టి మూడూ కలిపి క్లాంప్ చేసేస్తే ఆ గోల ఉండదు, అప్పుడు కాగితం పై ప్లైవుడ్ మీద అతికించుకోవాలి. గీతకి లోపలివైపు 10 మి.మీ. రంధ్రం వేసి బ్లేడు దింపండి. జిగ్‌సాకి పెండ్యులం మీట (బ్లేడు ముందుకీ వెనక్కీ కూడా ఊగేలా చేసేది) ఉంటే సున్నాలో పెట్టండి, వేగం సగం కన్నా తక్కువ. అల్యూమినియం పళ్లకు అంటుకుని ముద్ద కడుతుంది, అలా కట్టిందంటే బ్లేడు కొయ్యడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. వర్క్‌షాపుల్లో దీనికి కిరసనాయిలు పూస్తారు. ఇప్పుడది అంత తేలిగ్గా దొరకడం లేదు కాబట్టి డబ్ల్యూడీ-40 గానీ, బ్లేడుకి కొవ్వొత్తి రుద్దడం గానీ చెయ్యండి. గీతకి ఒక మి.మీ. లోపలే కోసి మిగతాది అర్ధచంద్రపు ఆకురాయితో తీసుకోవాలి. ఆకురాయికి ముందే సుద్దముక్క రుద్దితే అల్యూమినియం గాళ్లలో ఇరుక్కోదు, లేకపోతే ఇరుక్కున్న ఆ పలుకులే నున్నగా చేసిన అంచు మీద లోతుగా గీకుతాయి.

హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే కప్పు ఆకారపు రంపం) కొందామని చూస్తారేమో, 127 మి.మీ. సైజు దొరుకుతుంది గానీ అంత పెద్దదాన్ని హ్యాండ్ డ్రిల్‌కి పెట్టొద్దు. ఒక్కసారి పట్టేసిందంటే మణికట్టు తిరిగిపోతుంది. స్టాండుకి బిగించిన డ్రిల్ మెషీన్ ఉంటేనే ఆ దారి. యాంగిల్ గ్రైండర్‌కి మామూలు ఇనుము కోసే చక్రం పెట్టి అల్యూమినియం కొయ్యడం కూడా వద్దు. చక్రం రంధ్రాల్లో లోహం నిండి వేడెక్కి చక్రమే పగలొచ్చు.

చిన్న రంధ్రాలకి స్టెప్ డ్రిల్ బిట్ (మెట్లుమెట్లుగా లావయ్యే బిట్) కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. మామూలు బిట్ పలచటి రేకులో మూడు మూలల రంధ్రం చేస్తుంది, స్టెప్ బిట్ గుండ్రంగా చేస్తుంది. రంధ్రాలన్నీ రేకు చదునుగా ఉన్నప్పుడే వేసెయ్యాలి, మడిచాక ప్లైవుడ్ మధ్య బిగించడం కుదరదు. మడత గీతకి బాగా దగ్గరగా ఉన్నవి మాత్రం తర్వాత వెయ్యండి, ముందే వేస్తే మడిచేటప్పుడు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి.

ఇంకొకటి, కేబినెట్‌ని కొయ్యాల్సి వస్తే లోపలున్నవన్నీ బయటికి తీసెయ్యండి, బట్ట కప్పితే చాలదు. ఇనుప రజనైతే అయస్కాంతంతో ఏరుకోవచ్చు, అల్యూమినియం రజను అయస్కాంతానికి అంటదు. మదర్‌బోర్డు మీద ఒక్క పలుకు రెండు పిన్నుల మధ్య పడితే చాలు.

డీఎక్స్ఎఫ్_ఫైల్:

చేత్తో చేసుకునే ముచ్చట వేరే, కాదనను. కానీ రెండు రంధ్రాలూ అచ్చం ఒకేలా, అంచులు మెరిసేలా కావాలంటే ఫైబర్ లేజర్ ఉన్న షాపుకి డ్రాయింగ్ ఇవ్వడమే మేలు. బోర్డులు, అక్రిలిక్ అక్షరాలు కోసే షాపుల్లో ఉండే చిన్న లేజర్లు సీఓ2వి, అవి అక్రిలిక్, ఎండీఎఫ్ కోస్తాయి గానీ అల్యూమినియం కొయ్యలేవు, అక్కడికెళ్లి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో షీట్ మెటల్ వర్క్‌బెంచ్ అనే అదనపు భాగం జోడించుకుంటే మడత తగ్గింపు అదే వేసి విప్పిన ఆకారం ఇస్తుంది. డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్ ఫైలు) ఇచ్చేటప్పుడు యూనిట్లు మి.మీ. అని నోటితో కూడా చెప్పండి. షాపుకి ఒక్క ముక్క పని అంటే పెద్దగా ఆసక్తి ఉండదు, వాళ్ల దగ్గర 1.5 రేకు వేరే ఆర్డర్ మీద ఎక్కిన రోజున పక్కన ఖాళీ చోట కోసిపెట్టమని అడిగితే తేలిగ్గా ఒప్పుకుంటారు. మడత కూడా అక్కడే బెండింగ్ మెషీన్ మీద చేయిస్తే రెండూ ఒకే కొలతకి వస్తాయి.

బెజవాడ_బిల్డ్:

రేకుపని అన్నా, కాకినాడ అన్నా, చాలా థాంక్స్. 1100 రకం 1.5 రేకు దొరికింది, 100 మి.మీ. పట్టీ మడిచి చూస్తే పగల్లేదు, రెండు కాళ్లు కలిపి 102.8 వచ్చింది. లేజర్ ఆలోచన కూడా బాగుంది, కానీ ఈ ఒక్కటి మాత్రం చేత్తోనే పూర్తి చెయ్యాలని ఉంది.

ఇంకా రెండు సందేహాలు. ఫ్యాన్ల ముందు చిల్లుల రేకు పెట్టాలనుకుంటున్నా, ఏ సైజు చిల్లులు తీసుకోవాలి? రెండోది కాస్త టెన్షన్ పెడుతోంది. ప్యానెల్ ముక్కని ఊరికే కేబినెట్‌కి ఆనించి చూస్తే, సిస్టమ్ ఆన్‌లో ఉన్నప్పుడు చేతికి జిల్లుమంది. రంగు వేస్తే అది పోతుందా?

ఎర్త్_పిన్:

రంగు మాట తర్వాత, ముందు ఆ జిల్లు సంగతి చూసుకోండి. అది ప్యానెల్ తెచ్చిన జబ్బు కాదు, ఇంట్లో ఉన్నదే ప్యానెల్ బయటపెట్టింది. కంప్యూటర్ పవర్ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి, అవి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి పవర్ సప్లై బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మొత్తం మెయిన్స్ వోల్టేజీలో సగం దగ్గర, అంటే 115 వోల్టుల దాకా, తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమంటుంది తప్ప విసిరికొట్టదు. ఇన్నాళ్లూ మీ చెయ్యి తగిలింది ప్లాస్టిక్‌కి, ఇప్పుడు లోహానికి తగిలింది. రంగు వేసి దాచేస్తే సమస్య అక్కడే ఉంటుంది, రేపు పవర్ సప్లైలో నిజంగా షార్ట్ అయితే కాపాడేది ఏదీ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో మీటరుతో చూపించుకోండి. రెండు పిన్నుల అడాప్టర్ మధ్యలో ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి, చాలా ఇళ్లలో ఎర్త్ తెగేది అక్కడే. అది సరయ్యేదాకా ప్యానెల్ పని పక్కన పెట్టండి, దయచేసి.

ఎర్త్ సరిచేశాక, ప్యానెల్‌కి రంగు వేసినా కేబినెట్‌తో లోహం లోహం కలిసే చోటు కనీసం ఒకటి వదలండి. పౌడర్ కోటింగూ, ఆనోడైజింగూ రెండూ కరెంటుని ఆపేసేవే. ఒక స్క్రూ కింద పూత గీకి, పళ్ల వాషర్ పెట్టి బిగిస్తే పని అయిపోతుంది.

చిల్లుల రేకు విషయంలో చిల్లు సైజు ఒక్కటే చూస్తే చాలదు, చిల్లుల మధ్య దూరం కూడా చూడాలి. 3 మి.మీ. చిల్లులు, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 4.5 మి.మీ. ఉంటే తెరిచి ఉండేది 40 శాతమే. అదే 3 మి.మీ. చిల్లు, 4 మి.మీ. దూరం అయితే 51 శాతం. మీ ఎండలకి ఆ రెండోదే, ఇంకా ఎక్కువ తెరిచి ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఫ్యాన్‌కి ఆనించకుండా రెండింటి మధ్య కాస్త ఎడం వదిలితే ఈల వేసినట్టు వచ్చే శబ్దం కూడా తగ్గుతుంది.

రేకుపని:

ఎర్త్_పిన్ గారు చెప్పింది మొదట చెయ్యి తమ్ముడూ. మిగతా ప్రశ్నలు ఏవైనా ఆ తర్వాతే.

పట్టీ మీద 102.8 వచ్చిందంటే ఒక్కో మడతకి 2.8, రెండింటికీ 5.6. 264.4 కోసుకో. చిల్లుల రేకుని ప్యానెల్ వెనక 3.2 మి.మీ. పాప్ రివెట్లతో బిగించు, రంధ్రం 3.3 వెయ్యి, అల్యూమినియం రివెట్లే తీసుకో. ప్యానెల్‌ని కేబినెట్‌కి మాత్రం రివెట్ చెయ్యకు, దుమ్ము దులపడానికి తరచూ ఊడదీయాలి. 1.5 మందంలో నేరుగా ఎం3 మర కోస్తే మూడు చుట్లే పడతాయి, నాలుగుసార్లు విప్పితే అరిగిపోతుంది. కేబినెట్ వైపు ఎం3 రివెట్ నట్లు (రేకుకి రివెట్‌లా బిగిసే మరల నట్లు) పెట్టుకో.

రంగు వేసేముందు ఆకుపచ్చ స్క్రబ్బర్ గానీ 320 ఎమరీ కాగితం గానీ నీళ్లతో ఒకే దిక్కుకి రుద్ది, కడిగి, ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే పూట ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ప్రైమర్) కొట్టాలి. అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర కడుతుంది, మామూలు ప్రైమర్ దాని మీద నిలవక పొరలుగా లేచిపోతుంది. మడిచిన తర్వాతే రంగు, ముందు కాదు. రంగు వద్దు, గీతల మెరుపే బాగుందనుకుంటే రుద్దడం దగ్గరే ఆపి పలచగా క్లియర్ లాకర్ కొట్టు, లేకపోతే వేలిముద్రలు ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తాయి.